గడియారం మేకుకు వేలాడిన పెట్టె

నేను ఒక పెట్టెను. జానెడు వెడల్పు, మూరెడు పొడవు, ఒంటికి నీలం రంగు, నెత్తిన చీటీ పట్టేంత చీలిక, ముందు చిన్న తాళం. నా పొట్ట మీద తెల్ల అక్షరాలతో “భయం వద్దు, నాతో చెప్పు” అని రాసి ఉంటుంది. రాసినవాడు రాశాడు, పెట్టినవాడు పెట్టాడు. వినేవాడిని ఏర్పాటు చెయ్యడం మాత్రం అందరూ మరిచిపోయారు.

పుట్టుకతోనే నేను పెట్టెను కాదు. వాగుపాలెం చిన్న బడిలో ముప్పై ఏళ్ళు నల్లబల్లను. ఒకటి నుంచి ఐదు దాకా అందరికీ కలిపి ఒకటే గది, ఒకటే టీచరు, ఒకటే నేను. చివరి పన్నెండేళ్ళు సలోమి టీచరు చేతిలో ఉన్నాను. నా కుడి మూల తెల్ల పెయింటుతో “హాజరు” అని చెరగకుండా రాసి ఉండేది. టీచరు పొద్దున రాగానే గుమ్మంలో నిలబడి గదినంతా ఒక్క చూపు చూసి, నా మూల పదిహేడుకు పదిహేడో, పదహారో వేసేది. పేర్లు పిలిచే పనే లేదు. ఎవరు రాలేదో, ఎందుకు రాలేదో, వాళ్ళింట్లో ఎవరికి జ్వరమో ఆమెకు ముందే తెలుసు.

పోయిన ఏప్రిల్లో ఐదో తరగతి పిల్లలు నలుగురినీ నా ముందు కూర్చోబెట్టి పెద్ద బడి గురించి చెప్పింది. అక్కడ గంట గంటకీ సారు మారతాడని, కొత్తగా హిందీ వస్తుందని, తెలియకపోతే చెయ్యెత్తి అడగాలని, బస్సు దాటిపోతే ఏడవకుండా ఆటో స్టాండు దగ్గర నిలబడాలని ఒక్కొక్కటే నా మీద రాసింది. అన్నీ చెప్పింది. అక్కడ మనిషిని పేరుతో కాక నంబరుతో పిలుస్తారన్న సంగతి ఒక్కటే ఆమెకు తట్టలేదు. కళ్ళతో లెక్కపెట్టే మనిషికి ఎలా తడుతుంది?

ఆ నలుగురిలో ముగ్గురు హాస్టలు బడులకు పోయారు. మండలంలోని పెద్ద బడికి వచ్చింది ఇండ్లా తిరుపతమ్మ ఒక్కతే. ఎండాకాలంలో చిన్న బడికి కొత్త ఆకుపచ్చ బోర్డు వచ్చింది. నన్ను ట్రాక్టరులో వేసి అదే పెద్ద బడి సామాన్ల గదిలో పడేశారు. తిరుపతమ్మ కంటే ఒక నెల ముందే నేను అక్కడ చేరానన్నమాట.

జూన్‌లో పైనుంచి ఉత్తర్వు వచ్చింది. ఆరో తరగతిలో కొత్తగా చేరిన పిల్లలు బెదిరిపోయి మానేస్తున్నారనీ, వాళ్ళ కష్టాలు రాసి వెయ్యడానికి ప్రతి బడిలో వారంలోగా ఒక పెట్టె పెట్టి ఫోటో పంపాలనీ. ఉత్తర్వులో మంచి మాటలే ఉన్నాయి, కాదనను. హెడ్మాస్టరు గారు వడ్రంగి కాళాచారిని పిలిపించారు. ఆయన రంపంతో నన్ను ఆరు ముక్కలు చేసి, నల్లముఖం లోపలికి తిప్పి బిగించాడు. అలా “హాజరు” అన్న మాట నా కడుపులో ఉండిపోయింది.

తగిలించే చోటు గురించి పెద్దగా ఆలోచించలేదు. వరండాలో ఆరో తరగతి బి సెక్షను కిటికీకీ హెడ్మాస్టరు గది తలుపుకీ మధ్య, పాడైన గడియారం తీసేసిన మేకు ఖాళీగా ఉంది. “మేకు ఉందిగా, దానికే వేసెయ్” అన్నారు హెడ్మాస్టరు గారు. గడియారం అందరికీ కనిపించాలని ఆరున్నర అడుగుల ఎత్తున కొట్టిన మేకు అది. నాలుగడుగుల పిల్లల కోసం చేసిన పెట్టెను దానికి తగిలించి, ఫోటో తీసి పంపారు. ఫోటోలో బాగానే ఉన్నాను. ఫోటోలో పిల్లలు లేరు మరి.

మొదటి నెలలో నాలో పడిన చీటీలు చెబుతాను, వినండి. క్రికెట్ బ్యాటు కావాలని ఒకటి. తొమ్మిదో తరగతికి ఫ్యాను తిరగడం లేదని ఒకటి. ఒక బిస్కెట్ కాగితం, అయిపోయిన పెన్ను రీఫిల్లు. అంతా పొడుగువాళ్ళ కష్టాలే. ఆరో తరగతి పిల్లలు నా కింద నిలబడి మెడలెత్తి చూసేవాళ్ళు, ఒకరిద్దరు ఎగిరేవాళ్ళు, వెళ్ళిపోయేవాళ్ళు.

దీనికంటే పెద్ద నష్టం ఇంకొకటి జరిగింది. నేను రాకముందు పిల్ల ఏడుస్తూ కనిపిస్తే ఎవరో ఒక సారు ఆగి ఏమైందని అడిగేవాడట. నేను వచ్చాక అందరికీ మంచి జవాబు దొరికింది. పిల్ల నోరు తెరిస్తే చాలు, “పెట్టెలో వెయ్యమ్మా, దానికేగా పెట్టింది” అనేవారు. పిల్లల మాట వినడానికి పుట్టిన నేను, పెద్దలు చెవులు మూసుకోవడానికి పనికొచ్చాను. ఈ మాట చెప్పడానికి నాకు సిగ్గుగా ఉంది.

తిరుపతమ్మ తొమ్మిది రోజులు ఆలస్యంగా చేరింది. టీసీలో ఏదో సంతకం తక్కువై వాళ్ళ నాయన రెండుసార్లు తిరగాల్సి వచ్చింది. అప్పటికే క్లాసు టీచరు, లెక్కల సారు శేషగిరి, అరవై మందికీ నంబర్లు చెప్పేశాడు. ఈ పిల్ల పేరు రిజిస్టరులో అందరికంటే కింద అరవై ఒకటిగా రాసుకున్నాడు. ఆ సంగతి ఆ పిల్లకు చెప్పలేదు. చెప్పాననే అనుకున్నాడు.

ఇక రోజూ పొద్దున కిటికీలోంచి నాకు వినిపించేది ఇదే. “వన్, టూ, త్రీ” అని సారు పరిగెత్తించడం, పిల్లలు “ఎస్సార్, ఎస్సార్” అనడం. ఆఖరు బల్ల మీద తిరుపతమ్మ చేతులు కట్టుకుని తన పేరు ఎప్పుడు పిలుస్తారా అని కూర్చునేది. అరవై దాటేసరికి గది సంతగా తయారయ్యేది. సారు తల ఎత్తకుండా “సిక్స్టీ వన్” అనేవాడు. పలికేవాళ్ళు లేరు. “ఆబ్సెంట్” అని తనే అనుకుని, గీత గీసి రిజిస్టరు మూసేవాడు. ఆ పిల్లేమో, కొత్తగా చేరింది కాబట్టి తన పేరు ఇంకా ఎక్కలేదనుకుంది. ఎక్కినప్పుడు పిలుస్తారులే అని ఓపిగ్గా ఎదురుచూసింది. చెయ్యెత్తి అడగమని సలోమి టీచరు చెప్పింది నిజమే. పదిహేడు మంది ముందు చెయ్యెత్తడం వేరు, ముక్కూ మొహం తెలియని అరవై మంది ముందు ఎత్తడం వేరు.

చేరిన పన్నెండో రోజు ఆ పిల్ల కళ్ళు వాచి వచ్చింది. హెడ్మాస్టరు గది గుమ్మం దగ్గర చాలాసేపు నిలబడింది. ఆయన కంప్యూటరులో ఏదో ఎక్కిస్తూ, చూడకుండానే పెట్టె వైపు వేలు చూపించారు. ఆ పిల్ల వరండాలోనే కూర్చుని నోటు పుస్తకంలో కాగితం చింపి రాసింది. రాసి, మడిచి, నా కింద నిలబడింది. కాలివేళ్ళ మీద లేచింది. బ్యాగు కింద పెట్టి దాని మీద ఎక్కింది. అయినా జానెడు దూరం.

నేను కిందికి వంగలేను. నా జన్మలో దేనికీ ఇంత బాధపడలేదు.

పదో తరగతి చెన్నకేశవ అటుగా పోతున్నాడు. అన్నా, ఇది వేసిపెట్టవా అని అడిగింది. వాడు తీసుకున్నాడు. వెయ్యబోయే ముందు విప్పాడు. స్నేహితులు నలుగురు చేరారు. వాడు పైకి చదివాడు కనుకనే నాకు తెలిసింది.

“పెట్టె గారికి నమస్కారం. నేను ఆరో తరగతి బి సెక్షను. నేను రోజూ బడికి వస్తన్నాను. సారు నా పేరు పిలవడం లేదు. నేను రాలేదని మా నాయన ఫోనుకు మెసేజి వస్తంది. మా నాయనకు చదువు రాదు, టీ కొట్టు ఆయన చదివి అందరిలో చెప్పాడు. నేను ఆటో దిగి ఎటో పోతన్నానని అంటన్నారు. నా పేరు పిలవమని సారుకు చెప్పండి. శనివారం లోపల చెప్పండి. మా నాయన శనివారం దాకా చూస్తానన్నాడు. ఇట్లు, ఇండ్లా తిరుపతమ్మ.”

నన్ను “గారు” అన్నది ఈ లోకంలో ఆ పిల్ల ఒక్కతే. వాళ్ళు పడీ పడీ నవ్వారు. చెన్నకేశవ మాట మీద నిలబడేవాడే, చీటీ మడిచి నాలో వేశాడు. అది జారి “హాజరు” అన్న అక్షరాల మీద పడింది. సాయంత్రానికల్లా బడి మొత్తానికి ఆ పిల్ల పేరు “ఆబ్సెంటు” అయింది. నీళ్ళ కుళాయి దగ్గర ఆబ్సెంటు, అన్నం వరసలో ఆబ్సెంటు. మొత్తానికి ఆ బడిలో ఆ పిల్లను పిలవడమైతే మొదలైంది.

శనివారం వాళ్ళ నాయన ఏడుకొండలు కూతురిని చెయ్యి పట్టుకుని తీసుకొచ్చాడు. చెప్పులు నా కిందే విడిచాడు. అరిచే మనిషి కాదు. భయపడిన మనిషి.

“సార్, నా కూతురు బడికొస్తందా, ఇంకెటన్నా బోతందా? ఉన్నమాట చెప్పండి సార్” అన్నాడు.

శేషగిరి సారు రిజిస్టరు తెచ్చి వేలు పెట్టి చూపించాడు. చేరిన రోజు నుంచి వరసగా ఆబ్సెంటు. ఏడుకొండలుకు అక్షరాలు రావు కానీ, పక్క గళ్ళలో లేని ఎర్ర గీత తన కూతురి గళ్ళన్నింటిలో ఉండటం కనిపించింది.

“రోజూ వస్తన్నా సార్. ఆఖరు బల్ల సార్” అని తిరుపతమ్మ బ్యాగులోంచి లెక్కల నోటు తీసి ఇచ్చింది. భిన్నాలు, దశాంశాలు, తేదీలతో సహా. ప్రతి పేజీ కింద ఎర్ర సిరాతో టిక్కు. రెండు చోట్ల “గుడ్”. దాని పక్కన శేషగిరి సారు సంతకం.

సారు తన సంతకాన్ని చాలాసేపు చూశాడు. ఆయనకు అర్థమైంది. ఆ సంగతి తలుపు బయట ఉన్న నాకే తెలిసిపోయింది. ఒక్క మాట అంటే సరిపోయేది, తప్పు నాదేనయ్యా అని. ఆయన హెడ్మాస్టరు వైపు చూశాడు. హెడ్మాస్టరు గారు కంప్యూటరు వైపు చూశారు.

“ఆన్‌లైన్లో ఎక్కిపోయింది. ఎక్కాక మార్చడం మన చేతుల్లో లేదు” అన్నారు హెడ్మాస్టరు గారు.

“సోమవారం నుంచి సక్రమంగా పంపించండి” అన్నాడు శేషగిరి సారు, నోటు మూసి ఇచ్చేస్తూ.

ఆ ఒక్క మాటతో అంతా అయిపోయింది. ఇకనుంచి సక్రమంగా పంపమన్నారంటే ఇన్నాళ్ళూ సక్రమంగా రాలేదనేగా. ఏడుకొండలుకు వేరే సాక్ష్యం అక్కర్లేకపోయింది.

“పెట్టెలో రాసేశాను సార్. తీసి చూడండి” అంది తిరుపతమ్మ.

తాళంచెవి ఎక్కడని అడిగారు. డ్రిల్లు మాస్టారు దగ్గర ఉందట, ఆయన పిల్లల్ని ఆటల పోటీలకు తీసుకుపోయాడట. వచ్చాక చూద్దామన్నారు. నా తాళం ఎంతటిదో చెప్పనా? స్క్రూడ్రైవరు పెట్టి తిప్పితే ఊడిపడుతుంది. ఆ గదిలో ముగ్గురు పెద్దవాళ్ళున్నారు. ఒక్కరూ లేవలేదు.

“ఆటో ఎక్కించేదాకే నా కండ్లు సార్. దిగినాక ఎటు బోతందో నాకేం దెలుసు? ఆడపిల్ల. పొలానికొస్తే కండ్ల ముందన్నా ఉంటది” అన్నాడు ఏడుకొండలు. ఎవరి మీదా కోపం లేకుండా నమస్కారం పెట్టి, చెప్పులు తొడుక్కున్నాడు. అప్పుడు పత్తి చేలల్లో కలుపు నడుస్తోంది. తిరుపతమ్మ మెట్ల దాకా పోయి వెనక్కి తిరిగింది. బడిని కాదు, నన్ను చూసింది.

డిసెంబరులో ఒక అధికారిణి తనిఖీకి వచ్చింది. నన్ను తెరవమంది. తాళంచెవి కోసం బడంతా వెతికారు. చివరికి అది డ్రిల్లు మాస్టారు మెడలో ఈలకు కట్టిన తాడుకే దొరికింది. జులై నుంచి ఆయన రోజూ దాన్ని మెడలో వేసుకుని నా ముందు నుంచే తిరుగుతున్నాడు.

బ్యాటు చీటీ చూసి ఆమె నవ్వింది. తిరుపతమ్మ చీటీ రెండుసార్లు చదివింది. ఈ అమ్మాయిని పిలవమంది. మానేసిందని చెప్పారు. ఆమె ఎందుకని అడిగింది, చాలాకాలంగా ఆబ్సెంటని బడివాళ్ళు జవాబిచ్చారు. ఆమెకు ఇంకా మూడు బడులున్నాయి. వచ్చిన ప్రతి చీటీకీ పరిష్కారం రాసి పెట్టాలని చెప్పి, నన్ను కిందికి దించి తగిలించమని కూడా చెప్పి వెళ్ళింది. మంచి మనిషే. నా ఎత్తును చూసింది ఆమె ఒక్కతే, ఐదు నెలలు ఆలస్యంగా.

ఆ సాయంత్రం హెడ్మాస్టరు గారు పైకి చెబుతుంటే అటెండరు రాశాడు. “సమస్య: హాజరు పిలవడం లేదని ఫిర్యాదు. పరిష్కారం: విద్యార్థిని ప్రస్తుతం బడికి రావడం లేదు కనుక సమస్య లేదు.”

ఇప్పుడు నేను మూడడుగుల ఎత్తున కొత్త మేకుకు ఉన్నాను. ఎవరికైనా అందుతాను. ఎవరూ ఏమీ వెయ్యడం లేదు. నల్లబల్లగా ఉన్నప్పుడు నా మీద రాసింది వెనక బల్ల పిల్ల కూడా చదివేది. పెట్టెనయ్యాక నా లోపల పడిన ఒక్క మంచి మాటనూ సమయానికి ఎవరూ చదవలేదు. కాళాచారి నన్ను ఆ రోజు వంటగదికి కట్టెలుగా పంపి ఉంటే, ఇంతమంది పిల్లలకు అన్నమన్నా ఉడికేది.

పొద్దున పూట కిటికీలోంచి హాజరు ఇప్పటికీ వినిపిస్తుంది. తిరుపతమ్మ పేరు ఇంకా కొట్టెయ్యలేదు. శేషగిరి సారు ఫిఫ్టీ నైన్ అంటాడు, సిక్స్టీ అంటాడు. తర్వాత “సిక్స్టీ వన్” అని ఆగుతాడు. గది ఎంత గోలగా ఉన్నా తల ఎత్తి ఆఖరు బల్ల వైపు చూస్తాడు. ఇదివరకు చూసేవాడు కాదు.