తడి ఆరని పూలకూజా

ఆ ఇంట్లో చెత్త గడప దాటాలంటే కోడలు ఒప్పుకోవాలి. పాత పేపర్లు, కోడిగుడ్ల అట్టలు, మందుల డబ్బాలు, చెప్పులొచ్చిన పెట్టెలు అన్నీ మంచం కిందికే చేరతాయి. పొద్దున వంటయ్యాక ఆవిడ కుట్టు మిషన్ పక్కకి జరిపి, వాటిని ముందేసుకుని కూర్చుంటుంది. "ఇల్లు కాదిది, గోడౌను" అని సణుగుతూనే అత్తగారు తన పాత పత్రికలు కూడా తెచ్చి పడేస్తుంది.

ఈసారి పూలకూజా. పొట్ట కోసం బెలూన్ ఊది, మెడకి అట్టగొట్టం అతికించింది. మైదా జిగురు ఉడికించింది. ఒక పొర న్యూస్ పేపరు, దాని మీద గోధుమరంగు సంచీ కాగితం, మళ్ళీ న్యూస్ పేపరు. రంగు మారితేనే ఎక్కడ అంటించామో, ఎక్కడ వదిలేశామో కంటికి తెలుస్తుంది. ఒక పొర ఆరాకే ఇంకోటి. బడి సెలవులని ఇంట్లో ఉన్న భర్తని కూడా ఊరికే కూర్చోనివ్వలేదు. మొదటి పొర తనది, రెండోది అత్తగారిది, మూడోది ఆయనది.

ఆయన బడి బస్సు నడుపుతాడు. కొంతకాలంగా ఎడమకంట్లో మసక. ఆ పక్కన ఏముందో సరిగా తెలియడం లేదు. ఎవరికీ చెప్పలేదు. సోమవారం బడి తెరుస్తారు. చెబితే బస్సు పోతుంది, బస్సు పోతే తను ఏమవుతాడో ఆయనకి తోచలేదు. కుడికన్ను ఉందిగా, నెట్టుకొచ్చేద్దాం అనుకున్నాడు. మనిషి మంచివాడే. మంచివాళ్ళు ఇలాంటి లెక్కలు వేస్తే మాత్రం నాకు ఒళ్ళు మండుతుంది.

మొదటి రెండు పొరలూ చక్కగా ఆరాయి. మూడోది ఆరలేదు. ఎండలో పెట్టారు, ఫ్యాను కింద పెట్టారు. ఇస్త్రీపెట్టె దగ్గరగా పట్టి కూడా చూసింది కోడలు. వేలు పెడితే చల్లగా తడి. కింద పెట్టిన పళ్ళెంలో ఒంపేకొద్దీ నీళ్ళు చేరుతున్నాయి. నాని నాని కాగితాల రంగులన్నీ ఒకటైపోయాయి.

"జిగురు పల్చనైందేమో అత్తయ్యా?"

"జిగురు బానే ఉంది. మనింట్లో కాగితం అంతే. మనసులో ఏదైనా దాచుకుని అంటిస్తే ఆరదు" అంది అత్తగారు ఉల్లిపాయలు వలుస్తూ. "మీ మామయ్య పేకాటకెళ్ళొచ్చి, ఆఫీసులో పనని చెప్పి, కాగితం బుట్ట చేశారు. వారం కారింది."

"అలాగా" అంది కోడలు. కారితే కారనీ, ఇంతకీ ఈయన ఏం దాచాడు? ఇక ఆవిడకి కాలు నిలవలేదు.

ఆ పొర ఒలిచేసి, ఆయన చేతికి కొత్త ముక్కలిచ్చి, పక్కనే కూర్చుని చేతుల్ని గమనించింది. కుడివైపు ముక్క మీద ముక్క చక్కగా పడుతోంది. ఎడమవైపు వేళ్ళతో తడుముతున్నాడు. జానెడు మేర గోధుమరంగు అలాగే ఉండిపోయింది.

"అయిపోయిందా?"

"ఆ, అయిపోయింది. చూడు, ఎంత నున్నగా వచ్చిందో!"

ఆవిడ ఆయన ముఖం తనవైపు తిప్పుకుంది. "ఈ పక్కంతా వదిలేశారు. కనబడ్డం లేదు కదూ?"

పళ్ళెం నిండి నీళ్ళు నేల మీదికి కారాయి. అత్తగారు గుడ్డ తెచ్చి తుడుస్తూ, "చెప్పరా నాయనా, తుడవలేక చస్తున్నా" అంది.

"ఎడమకన్ను మసగ్గా ఉందమ్మా. సెలవులకి ముందు నుంచే."

"బస్సు తలుపు ఏ వైపండీ?" అంది కోడలు మెల్లగా.

"ఎడమ..." అని ఆగిపోయాడు. పిల్లలు దిగేది ఆ వైపే. చేతుల్లో జిగురు ఉందని కూడా చూసుకోకుండా ముఖం కప్పుకుని ఏడ్చాడు.

"రేపు బడికి ఫోన్ చేస్తాలే."

"రేపు కాదు, ఇప్పుడే."

ఆయన మాట్లాడి ఫోన్ పెట్టేసేసరికి కూజా ఆరిపోయింది. గోరుతో కొడితే టకటకమంది. కోడలు ఖాళీ పూడ్చి, రంగు వెయ్యడానికి కూర్చుంది.

సోమవారం బస్సు వేరే డ్రైవరు నడిపాడు. కంటికి వైద్యం అయ్యేదాకా పిల్లల్ని ఎక్కించి దింపడానికి ఈయన్ని తలుపు దగ్గర ఉండమన్నారు. సాయంత్రం మొదటి స్టాపులో దిగిన ఓ చిన్నపిల్ల, జారిపోయిన నీళ్ళసీసా కోసం ముందుచక్రం దగ్గర వంగింది. డ్రైవరు సీట్లోంచి చూస్తే అక్కడ ఎవరూ లేనట్టే. బస్సు కదలబోయింది. ఈయన "ఆపు!" అని కేకేసి, కిందికి దూకి, పిల్లని ఎత్తుకున్నాడు.

"దింపండి అంకుల్, నా బాటిల్!" అని ఆ పిల్ల కాళ్ళు కొట్టుకుంది.

ఆయన చాలాసేపు దింపలేదు.