సెల్లార్ గుంతలో దొరికినవి

ఆగస్టు రెండో మంగళవారం ఉదయం ఆరూ పదికి అశోక్‌నగర్‌లో సుమిత్ర రెసిడెన్సీ సెల్లార్‌లో మోకాటి లోతు నీళ్ళు ఉన్నాయి. పదకొండు బళ్ళు సగానికి మునిగాయి. వాన ఆగి అప్పటికి గంటన్నర. వాననీళ్ళు చేరే గుంతలో మోటారు తిరుగుతూనే ఉంది. పైపులోంచి నీళ్ళు మాత్రం బయటికి రావడం లేదు.

వాచ్‌మన్ ఈదయ్య స్విచ్ కట్టేసి, తాడు పట్టి మోటారును పైకి లాగాడు. అడుగున జాలీ పూడుకుపోయి ఉంది. దాని మీద ఒక ప్లాస్టిక్ కవరు అతుక్కుని ఉంది. కవరు మూతికి దారం.

నాలుగో అంతస్తులో ఉండే వేదవతి మెట్ల చివర నిలబడి చూస్తోంది. ఆమె నారాయణగూడలో ఒక కాలేజీలో ముప్ఫై ఒక్క ఏళ్ళు జువాలజీ చెప్పి రిటైరైంది. కంటికి కనబడింది కనబడినట్టు చెప్పడం ఆమెకు అలవాటు.

"రబ్బరు బ్యాండు కాదు, దారం," అంది. "ఈ సందులో దారం కట్టేది లక్ష్మవ్వ ఒక్కతే."

అపార్ట్‌మెంట్ సంఘం అధ్యక్షుడు రామచంద్రరావు ప్యాంటు మడుచుకుని నీళ్ళలో తన స్కూటర్ దగ్గరికి పోతున్నాడు. అక్కణ్ణుంచే, బళ్ళ కోసం దిగిన మిగతావాళ్ళ వైపు తిరిగాడు.

"విన్నారుగా అందరూ! మేడమే చెప్పారు. ఇంక వేరే సాక్ష్యం ఎందుకండీ?"

లక్ష్మవ్వది కర్రీ పాయింట్. కాంపౌండ్ గోడ మూలన ఒకప్పుడు జనరేటర్ ఉండే గది. ఆరేళ్ళ కిందట సంఘమే ఆమెకు ఇచ్చింది. షట్టర్ సందులోకి తెరుచుకుంటుంది. చుట్టుపక్కల హాస్టళ్ళలో ఉండి సర్కారు కొలువుల పరీక్షలకు చదివే పిల్లలు గదుల్లో అన్నం వండుకుని, కూరకు ఆమె దగ్గరికి వస్తారు. ఆమె కవర్లో సాంబారు పోసి, మూతి మెలిపెట్టి, దారం మూడు చుట్లు చుట్టి తెంపుతుంది.

తొమ్మిదింటికల్లా ఆ షట్టర్ మీద నోటీసు అంటించారు. పదిన్నరకు లక్ష్మవ్వ కూరగాయల సంచీతో వచ్చి దాని ముందు ఆగింది. ఆమెకు చదువు రాదు. ఎదురు హాస్టల్లో ఉండే రమాకాంత్ అటుగా పోతుంటే పిలిచింది.

"రమాకాంత్, ఏం రాసిన్రురా ఇండ్ల?"

"ఆదివారం పొద్దుగాల పదింటికి మీటింగట. నిన్ను కాలీ చెయ్యమంటున్నరు అవ్వా. నీ కవర్లతోని మోటర్ ఆగిందట."

"ఎవలు చూసిన్రట?"

రమాకాంత్ నోటీసు చివరి వరుస చదివాడు. వేదవతి పేరు ఉంది.

అదే సమయానికి వేదవతి గేటు దగ్గరికి దిగి వచ్చింది. తన పేరు తన చెవిన పడింది. లక్ష్మవ్వ ఆమె వైపు చూసి, షట్టర్ ఎత్తింది.

వేదవతి దిగి వచ్చింది వేరే పని మీద. పొద్దుటి నుంచి ఒకటే ప్రశ్న ఆమెను వదలడం లేదు. కవరు జాలీ మీద ఉంది. మరి జాలీ లోపల ఉన్నదేమిటి?

"ఈదయ్యా, జాలీలోంచి తీసింది ఏం చేశావు?"

"బకెట్ల ఏసిన మేడమ్. రేపు చెత్త బండికిస్త."

"ఇవ్వకు. పైకి పట్టుకురా."

"గా గలీజుతోని మీకేం పని మేడమ్?"

"చూస్తా."

ఆమె బకెట్‌ను వాష్ ఏరియాలో పెట్టించుకుంది. చేతులకు తొడుగులు వేసుకుంది. ముందు జల్లెడలో పోసి మూడు నీళ్ళు కడిగింది. తర్వాత పాత న్యూస్‌పేపర్ పరిచి ఒక్కొక్కటీ తీసి పెట్టింది. కాలేజీలో పిల్లలచేత చెరువు మట్టిని ఇలాగే వడపోయించేది. మధ్యాహ్నం భోజనం మూడింటికి చేసింది.

కవర్లు మూడు. దారం ఉన్నది వాటిలో ఒకటి. షాంపూ సాచెట్లు ఏడు. కొబ్బరి పీచు, జుట్టు, రెండు బట్టల క్లిప్పులు. మిగిలినవన్నీ ఒకటే రకం. చిటికెన వేలి గోరంత ప్లాస్టిక్ త్రికోణాలు. లెక్కపెడితే నాలుగు వందల ముప్ఫై ఒకటి.

వాటిని ఆమె తిరగేసి చూసింది. ఒకవైపు రంగు, ఒకవైపు తెలుపు. రెండు అంచులు అతికి ఉన్నాయి, మూడోది కోసిన అంచు. పాల ప్యాకెట్ మూల అని తెలియడానికి నిమిషం పట్టింది.

పాల ప్యాకెట్ మూల వంటింట్లో తెగుతుంది. అది సెల్లార్ గుంతలోకి ఎలా వచ్చింది?

ఈదయ్యను మళ్ళీ పిలిచింది.

"వాష్ ఏరియాలో తూముంది కదా. ఆ నీళ్ళు ఎక్కడికి పోతాయి?"

"డ్రైనేజీలకు పోతయి కావచ్చు మేడమ్."

"కావచ్చంటే?"

"బిల్డింగ్ కట్టినప్పుడు నేను లేను గద."

ఆమె చెంబులో నీళ్ళు తీసుకుని నాలుగు చెంచాల పసుపు కలిపింది. ఈదయ్యను గుంత దగ్గర నిలబెట్టి, ఫోను చెవి దగ్గర పెట్టుకోమంది. వాష్ ఏరియా తూములో చెంబు ఒంపి, వెనకే బకెట్ నీళ్ళు పోసింది. గడియారం చూస్తూ కూర్చుంది.

యాభై రెండు సెకన్లకు ఫోన్లో ఈదయ్య గొంతు వినబడింది.

"అరే మేడమ్! పచ్చగొస్తుంది! పప్పు పోసినట్టే ఉంది!"

మేడ మీది వాననీళ్ళ పైపులోకే వాష్ ఏరియాల తూములన్నీ కలిపారన్నమాట. ఇరవై ఫ్లాట్ల తూములు.

బుధవారం ఆమె త్రికోణాలను రంగులవారీగా వేరు చేసింది. నీలివి రెండు వందల అరవై నాలుగు, నారింజవి నూట రెండు, ఆకుపచ్చవి అరవై అయిదు. నీలివాటిని వరుసగా పేరుస్తుంటే కొన్ని వరుసలో ఇమడలేదు. కళ్ళజోడు తుడిచి మళ్ళీ చూసింది. వాటి కోసిన అంచు తిన్నగా లేదు. విల్లులా వంగి ఉంది. అటువంటివి యాభై ఏడు.

ఆమె లేచి వంటింట్లోకి వెళ్ళింది. గోడ మేకుకు కత్తెర వేలాడుతోంది. కప్పల్ని కోయడానికి వాడే వంపు కత్తెర. రిటైరైన రోజు ల్యాబ్ అటెండర్ గుర్తుగా ఇచ్చాడు. తొమ్మిదేళ్ళుగా పాల ప్యాకెట్లు దాంతోనే కత్తిరిస్తోంది.

గురువారం పొద్దున ఆరింటికి ఆమె రోజూ చేసే పనే చేసింది. వాష్ ఏరియా గట్టు మీద ప్యాకెట్ కడిగి, మూల కత్తిరించి, పాలు గిన్నెలో ఒంపి, పొయ్యి మీద పెట్టింది. పెట్టాక ముక్క ఎటు పడిందో గుర్తు చేసుకోబోయింది. గుర్తు రాలేదు. గట్టు మీద లేదు, సింకులో లేదు. వంగి వెతికితే తూముకు జానెడు దూరంలో దొరికింది. ఎనిమిదింటికి పనమ్మాయి వచ్చి నీళ్ళు కొట్టి చీపురుతో తోస్తుంది.

పాలు పొంగాయి. ఆమె చూసుకోలేదు.

ఆ మధ్యాహ్నం కర్రీ పాయింట్ దగ్గర రద్దీ తగ్గాక కిందికి దిగింది. లక్ష్మవ్వ గిన్నెలు తోముతోంది.

"ఏం మేడమ్, ఇంకేమన్న దొరికిందా నాది?" అంది తలెత్తకుండానే.

"నీ పాల ప్యాకెట్లు, పెరుగు ప్యాకెట్లు చూడాలి."

"సీబీఐ లెక్క అడుగుతున్నరు. అగో, మేకుకున్నయి చూడుండ్రి."

ఖాళీ ప్యాకెట్లు కడిగి మేకుకు గుచ్చి ఉన్నాయి. పాత సామాన్ల బండికి వేస్తుందట. వేదవతి ఒక్కొక్కటే తీసి చూసింది. ఇరవై మూడు ప్యాకెట్లు. ప్రతిదానికీ మూల ఉంది. కత్తిరించింది, కానీ తెగలేదు. దారమంత ప్లాస్టిక్‌తో ప్యాకెట్‌కే వేలాడుతోంది.

"మూల పూర్తిగా ఎందుకు కొయ్యవు లక్ష్మవ్వా?"

"ఒకపారి కోసిన మేడమ్. పెరుగు పచ్చట్ల పడ్డది ముక్క. ఓ పిల్లగాని పంటి కిందికొచ్చింది. ఇదే జాగల నిలవడి అందరి ముంగట లొల్లి చేసిండు. వారం దాక ఒక్కడు పెరుగు పచ్చడి అడగలే. అప్పటిసంది కోస్త గని తెంప."

వేదవతి ఆ ప్యాకెట్‌ను తిరిగి మేకుకు గుచ్చింది.

"మంగళవారం నేను కవరు ఒక్కటే చూసి చెప్పాను," అంది. "కింద ఏముందో చూడకుండా చెప్పాను."

"కవరు నాదే మేడమ్, కాదన. దారం నాదే. గని ఒక్క కవర్కు ఆరేండ్ల జాగ పోతదా?"

"ఆదివారం మీటింగుకి రా. వీటిలో రెండు తీసుకురా."

ఆదివారం పదింటికి మేడ మీద పద్నాలుగు ఫ్లాట్లవాళ్ళు కూర్చున్నారు. లక్ష్మవ్వ మెట్ల తలుపు దగ్గర నిలబడింది. వేదవతి స్టీలు పళ్ళెం తెచ్చి బల్ల మీద పెట్టింది.

"ఇవేంటండీ, వడియాలా?" అన్నాడు రామచంద్రరావు. కొందరు నవ్వారు.

"మోటారు జాలీలో దొరికినవి. పాల ప్యాకెట్ మూలలు. నాలుగు వందల ముప్ఫై ఒకటి. కవర్లు మూడే."

"రోడ్డు మీంచి కొట్టుకొచ్చి ఉంటాయి మేడమ్."

ఆమె పసుపు నీళ్ళ సంగతి చెప్పింది. యాభై రెండు సెకన్లని చెప్పింది. ఈదయ్య తలూపి, "పప్పు లెక్క వచ్చింది సార్," అన్నాడు.

"అయినా ఎవరివని చెప్పగలం?" అంది రెండో అంతస్తు కమల. "మా ఇంట్లో పాలు పనమ్మాయి కాస్తుంది. నేనసలు ముట్టుకోను."

"రంగులున్నాయి. పొద్దున్నే పాలు పంచేది ఈదయ్య. ఎవరిది ఏ రంగో అతను చెబుతాడు."

రామచంద్రరావు పళ్ళెంలోకి వంగి చూశాడు. "ఆకుపచ్చవి..." అని ఆగాడు.

"సార్, ఆకుపచ్చ ప్యాకెట్ మీ ఒక్కరికే," అన్నాడు ఈదయ్య. "డాక్టర్ చెప్పిండని వెన్న తీసినయి తాగుతరు గద మీరు."

ఈసారి అందరూ నవ్వారు. ఆయన నవ్వలేదు.

"అంటే సెల్లార్ నేను ముంచానా మేడమ్? అదేనా మీరనేది?"

వేదవతి ఒక చిన్న గిన్నె పళ్ళెం పక్కన పెట్టింది. "ఈ యాభై ఏడూ నావి," అంది. సంచీలోంచి వంపు కత్తెర తీసి, ఒక త్రికోణాన్ని దాని అంచుకు ఆనించి చూపించింది. సరిగ్గా కూర్చుంది. "మీవి అరవై అయిదు. మన ఇద్దరికీ ఎనిమిదే తేడా."

లక్ష్మవ్వ ముందుకు వచ్చి రెండు ప్యాకెట్లు పళ్ళెంలో వేసి, మళ్ళీ తలుపు దగ్గరికి పోయింది. ప్యాకెట్లు చేతులు మారాయి. కమల మూలను లాగి చూసింది. ఊడి రాలేదు.

"బాగానే ఉంది కానీ, దారం కట్టిన కవరు సంగతేంటి?" అన్నాడు రామచంద్రరావు.

"ఆదివారం ఆదివారం మీ ఇంటికే రెండు సాంబార్ కవర్లొస్తయి సార్," అంది లక్ష్మవ్వ. "అది మీదో హాస్టల్ పిల్లలదో నాకు తెల్వది. నేనైతే రేపటిసంది డబ్బా తెచ్చినోళ్ళకే ముందుగాల పోస్త. కవర్ కావాలన్నోళ్ళు లైన్ల నిలవడాలె."

పదకొండూ ఇరవైకి తీర్మానం రాశారు. ప్రతి తూముకూ జాలీ మూత బిగించాలి. పాల ప్యాకెట్ మూల తెంపకూడదు. కర్రీ పాయింట్ సంగతి పెద్ద వాన పడేదాకా వాయిదా. వాన తర్వాత మోటారు జాలీ అందరి ముందూ విప్పాలి. అందులో దారం కట్టిన కవరు కనబడితే లక్ష్మవ్వ ఖాళీ చేయాలి. నోటీసు అప్పటిదాకా షట్టర్ మీదే ఉండాలని రామచంద్రరావు పట్టుబట్టాడు.

సోమవారం వేదవతి చిక్కడపల్లి మెయిన్ రోడ్డులో శానిటరీ సామాన్ల షాపుకు వెళ్ళి ఇరవై జాలీ మూతలు తెచ్చింది. ఈదయ్య రెండు రోజుల్లో బిగించాడు. రమాకాంత్ అట్టముక్క మీద 'డబ్బా ఉన్నవారికి ముందు' అని రాసి కర్రీ పాయింట్ దగ్గర వేలాడదీశాడు. మొదటి సాయంత్రం డబ్బాలతో వచ్చినవాళ్ళు తొమ్మిది మంది. వాళ్ళు లైను దాటి ముందుకు పోతుంటే వెనకవాళ్ళు గోల చేశారు.

"అవ్వా, గిదేం అన్యాయం? రేపు నాకు టెస్టుంది."

"రేపు టెస్టుకు పెన్ను తీస్కపోతవ గద బిడ్డా. గట్లనే ఇక్కడికి డబ్బా తెచ్చుకో."

వేదవతి బాల్కనీలోంచి రోజూ లెక్కపెట్టింది. మూడో వారానికి అరవై మూడు మందిలో నలభై నాలుగు డబ్బాలు.

సెప్టెంబరు పద్నాలుగున మధ్యాహ్నం మూడింటి నుంచి అయిదున్నర దాకా వాన కురిసింది. సందులో నీళ్ళు పారాయి. మోటారు రెండు గంటల నలభై నిమిషాలు నడిచింది. సెల్లార్ నేల తడిసింది, నీళ్ళు నిలవలేదు.

మర్నాడు ఎనిమిదిన్నరకు ఈదయ్య తాడు పట్టి మోటారును పైకి లాగాడు. రామచంద్రరావు, కమల, మరో ఆరుగురు చుట్టూ నిలబడ్డారు. లక్ష్మవ్వ కూరగాయల సంచీ కింద పెట్టకుండా ర్యాంపు మీద నిలబడింది. వేదవతి జాలీలో ఉన్నది పళ్ళెంలో ఒంపి, వేలితో వేరు చేసింది.

ఆకులు. జుట్టు. షాంపూ సాచెట్ ఒకటి. కవర్లు లేవు. పాల ప్యాకెట్ మూలలు ఆరు.

"ఎవరివండీ?" అన్నాడు రామచంద్రరావు.

ఆమె ఆరింటినీ వెలుతురుకు పెట్టి చూసింది.

"ఆకుపచ్చది లేదు," అంది. "ఒకటి నాది."

తొమ్మిదీ పదికి రామచంద్రరావు షట్టర్ మీది నోటీసు చింపాడు. నాలుగు మూలలా అంటించిన టేపు కూడా గోటితో గీకి తీసి, ఈదయ్య చేతిలో పెట్టాడు. పదకొండింటికి లక్ష్మవ్వ షట్టర్ ఎత్తింది. లైన్లో మొదట నిలబడినవాడు రమాకాంత్. అతని చేతిలో మూడు గిన్నెల స్టీలు క్యారియర్ ఉంది.