ఎదురు చుట్టు

కూతురు అబద్ధం ఆడింది. దర్జీకి అందులో అనుమానమేమీ లేదు. ఎవడి కోసం ఆడిందన్నదే తేలాలి.

సాక్ష్యం ఆమె ఒంటి మీదే ఉంది. చదువు కోసం పరాయి దేశం వెళ్ళేటప్పుడు ఆమెకు బూడిదరంగు ఉన్ని కోటు అతనే కోసి, అతనే కుట్టి ఇచ్చాడు. ఆరు గుండీలు. మందపు కోటుకు గుండీని బట్టకు అంటించి కుట్టకూడదు. కింద కాస్త దారం వదులు పెట్టి, ఆ వదులు మీద మళ్ళీ దారం చుట్టి మెడ కట్టాలి. కుడిచేతివాడి చుట్టు ఒకవైపు తిరుగుతుంది, ఎడమచేతివాడిది రెండోవైపు. ముప్పై ఏళ్ళు సూది పట్టినవాడికి అది చేతిరాత చూసినట్టే. కోటు మూడో గుండీ చుట్టు ఎదురు తిరిగి ఉంది.

కూతుర్ని చూడడానికి పది రోజుల కోసం వచ్చిన దర్జీ, వచ్చిన రోజే అడిగాడు.

"ఈ గుండీ ఎవరు కుట్టారు?"

"ఊడిపోయింది నాన్నా. ఎవరో కుట్టిపెట్టారు."

"ఎవరో అంటే?"

"ఎవరో ఒకరు. టీ తాగుతావా?"

ఎవరో ఒకరికి ఒక పేరుంటుంది. పేరు మింగేసిందంటే వాడు మగవాడు. పైగా ఏడాదిగా శనివారాలు ఫోన్ ఎత్తదు. లైబ్రరీలో ఉన్నానంటుంది. ప్రతి శనివారం అంతసేపు తిరగేస్తే ఆ లైబ్రరీ పుస్తకాలు ఈపాటికి చిరిగి పీలికలై ఉండాలి.

రెండు రోజులు కడుపులో పెట్టుకుని, మూడో రోజు ఇంటి దగ్గరున్న అక్కకు ఫోన్ చేశాడు.

"ఎవడో ఉన్నాడక్కా. ఎడమచేతివాడు."

"కుడిచేతివాడైతే ఒప్పుకునేవాడివేంట్రా?"

"వేళాకోళం కాదు. తేలిందంటే మంగళవారం దాన్ని నాతో తెచ్చేస్తాను. చదువూ లేదు, గిదువూ లేదు."

"మందుల చదువురా అది. ఇంకో నాలుగు నెలలే కదా!"

"నాలుగు నెలల్లో ఎంతైనా జరుగుతుంది" అని పెట్టేశాడు.

భార్య పోయి పదకొండేళ్ళు. దర్జీ బట్ట కోసి మిషను మీద కుడితే, కాజాలూ గుండీలూ ఆమె పని. ఊపిరితిత్తులు పాడై మంచాన పడ్డాక కూడా మానలేదు. గోడకు ఆనుకుని కూర్చుని కుట్టేది. ఆ కాజాలే మనిషిని తినేశాయని దర్జీ తీర్పు. ఆమె పోయాక సూదిపెట్టె అటక మీద పడేసి, కూతురికి ఒకే మాట చెప్పాడు.

"సూది ముట్టుకున్నావంటే వేళ్ళు విరుస్తాను. చదువుకో."

కూతురు చదువుకుంది. ఇంత దూరం వచ్చింది. వచ్చి అబద్ధాలు నేర్చింది.

శనివారం పొద్దున్నే కూతురు అతన్ని రైలెక్కించింది. రెండు గంటల దూరంలో పాత కోట ఉన్న నగరం. చుట్టుపక్కల చూడదగ్గది అదొక్కటేనట. ఎక్కడెక్కడి వాళ్ళో చూడడానికి వస్తారట.

"నేనూ చూడలేదు నాన్నా. ఇద్దరం కలిసి చూసి సాయంత్రానికి వచ్చేద్దాం."

స్టేషన్ బయట అందరూ మ్యాపు బోర్డు ముందు మూగారు. కూతురు దానివైపు చూడకుండా ఎడమకు తిరిగింది. దర్జీ గుర్తుపెట్టుకున్నాడు. రాళ్ళు పరిచిన వీధిలో "తల వంచుకో నాన్నా" అంది. మలుపు తిరిగాక గాని తలకు తగిలే ద్వారం కనపడలేదు. అదీ గుర్తుపెట్టుకున్నాడు. దాహమంటే ఒక గోడ వెనక ఉన్న కుళాయి దగ్గరికి తిన్నగా తీసుకెళ్ళింది.

"మొదటిసారి వచ్చినదానివి, కుళాయి ఎలా కనిపెట్టావు?"

"నీళ్ళ చప్పుడు వినిపించింది."

కుళాయి బిగించి ఉంది. చుక్క కూడా పడటం లేదు.

కోట ఎక్కారు. కూతురు బోర్డు చదివింది. "ఈ గోడ ఎనిమిది వందల ఏళ్ళదట నాన్నా. ఒక్క రాయి కదల్లేదట."

"నిజం చెప్పేవాళ్ళు కట్టి ఉంటారు" అన్నాడు దర్జీ.

కోట దిగాక గడియారం బురుజు దగ్గర ఒక సన్నని సందు ఉంది. పొద్దున కూతురు దాన్ని తప్పించి చుట్టు తిప్పి తీసుకొచ్చింది. ఇప్పుడూ అటు చూడకుండా గబగబా దాటబోయింది. దర్జీ ఆగిపోయాడు.

"ఇటు వెళ్దాం."

"అటు ఏం లేదు నాన్నా. గోడలే."

"గోడలు చూద్దామనేగా ఇంత దూరం వచ్చాం."

ఆమె అడ్డం వచ్చి నిలబడింది. "వద్దు నాన్నా."

ఇంక దాచుకునేందుకు ఏమీ మిగల్లేదు.

"ఎవడా ఎడమచేతివాడు?"

"ఏ ఎడమచేతివాడు?"

"నీ గుండీ కుట్టినవాడు. ఈ సందులో ఉన్నవాడు. మంగళవారం నాతో వస్తున్నావు. వెళ్ళగానే సామాను సర్దుకో."

కూతురు వంగి తన మూడో గుండీ చూసుకుంది. నవ్వబోయింది. తండ్రి మొహం చూసి మానుకుంది.

"సరే, రా. వచ్చి పట్టుకో వాణ్ణి."

సందు చివర మూడు మెట్లు దిగితే ఒక కొట్టు. అద్దం వెనక కోట్లు వేలాడుతున్నాయి. తలుపు తీయగానే తడి ఉన్ని మీద ఇస్త్రీ పెట్టిన వాసన కొట్టింది.  ఆ వాసన ఏ దేశంలోనైనా ఒకటే.

మెడలో టేపు వేసుకున్న ముసలాయన కూతుర్ని చూసి చేతులు చాచి ఏదో అన్నాడు. ఇవాళ రానన్నావుగా అన్నట్టుంది వాలకం. కత్తెర అతని కుడిచేతిలో ఉంది. ఇతను కాదు. దర్జీ వెనక గదిలోకి తొంగిచూశాడు. ఇస్త్రీ బల్ల, బట్టల మూటలు. మనిషి లేడు. తిరిగొచ్చి వేలాడుతున్న కోట్లు ఒక్కొక్కటీ తిప్పి చూశాడు. సగానికి సగం గుండీలకు ఎదురు చుట్టే.

"ఎక్కడ వాడు?"

కూతురు కోటు విప్పి మేకుకు తగిలించింది. ఎన్నాళ్ళుగానో అలవాటున్న మేకులా ఉంది. కిటికీ పక్క కుర్చీలో కూర్చుని, కుట్టాల్సిన కోటొకటి ఒళ్ళో వేసుకుంది. ఒక్కసారికే సూదిలో దారం ఎక్కించింది. నాలుగు కుట్లు వేసి, గుండీ పైకి లాగి, మెడకు దారం చుట్టింది. కుడిచేత్తోనే. చుట్టు మాత్రం ఎదురు.

దర్జీ వంగి చూశాడు.

"అలా చుట్టడం ఎవరు నేర్పారు?"

"అమ్మ."

"మీ అమ్మ చుట్టు ఇటు కాదు."

"అమ్మ గోడకు ఆనుకుని, గుండీ తనవైపు పెట్టుకుని కుట్టేది. నేను ఎదురుగా పీట మీద కూర్చుని చూసేదాన్ని. అప్పుడూ నీకు చదువే కావాలిగా, నువ్వొస్తే పుస్తకం తెరిచేదాన్ని. ఎదురుగా కూర్చుని నేర్చుకుంటే ఇలాగే వస్తుంది నాన్నా."

ఆ పీట దర్జీకి గుర్తుంది. ఆ పుస్తకం కూడా.

"లైబ్రరీ అన్నావు."

"అన్నాను. వేళ్ళు విరుస్తానన్నావుగా మరి!"

"చదువుకోమంటే ఇదా?"

"చదువుతూనే ఉన్నాను. వారంలో ఒక్క శనివారం ఇక్కడ కూర్చుంటాను. అంతే."

"ఈ చుట్టు నిలబడదు."

"లాగి చూడు."

దర్జీ గుండీ పట్టుకుని లాగాడు. మెలితిప్పి మళ్ళీ లాగాడు. ముసలాయన హడలిపోయి కోటు లాక్కున్నాడు. గుండీ రాలేదు. ఆ తర్వాత ముసలాయన దర్జీ కాలరు రెండు వేళ్ళతో మడిచి, లోపలి కుట్టు చూసి, కూతుర్ని ఏదో అడిగాడు.

"ఏమంటాడు?"

"ఇది మీ నాన్న చేతిదేనా అంటున్నాడు."

"ఏం చెప్పావు?"

"ఇతనికి మొదటినుంచీ నిజమే చెప్పాను నాన్నా."

ఆ మాట గుచ్చుకుంది. తిరుగు రైలెక్కారు. ఏడాది అబద్ధం అబద్ధమే. దాన్ని అతను మాఫీ చేయలేదు. కానీ ఎదురు సీట్లో నిద్రపోతున్న కూతురి కోటు మీద మూడో గుండీ ఊగుతుంటే దానివైపు చూడలేకపోయాడు.

దిగేముందు ఆమె అడిగింది. "సామాను సర్దుకోవాలా నాన్నా?"

"ఎవరిది?"

"నాది."

"నాది సర్దు. మంగళవారం నన్ను విమానం ఎక్కించు. శనివారం కాదుగా, నీకు లైబ్రరీ ఉండదు."

విమానం దిగి సొంతూళ్ళో ఇంటికి చేరేసరికి అక్క గుమ్మంలోనే కాచుకుని ఉంది.

"ఒక్కడివే వచ్చావేంట్రా? ఇంతకీ ఎవడు వాడు?"

"ఎవడూ లేడు."

"మరి గుండీ?"

"గట్టిగానే ఉంది."

"అదేం జవాబురా! ఆ రోజు ఫోన్లో అంత గింజుకున్నావు..."

దర్జీ చెప్పులు విడిచి, వాటిని గోడ పక్కకు సర్ది పెట్టాడు.

"అక్కా, ఆ సంగతి ఇంకెప్పుడూ ఎత్తకు. నువ్వడిగినా చెప్పను. చచ్చి పైకెళ్ళాక దాని అమ్మ అడిగినా చెప్పను."