పొట్ట మడత కింద

మా వార్డులో ఒక అలవాటుంది. లావుపాటి పేషెంటు గదిలోకి వెళ్ళేముందు మా నర్సులు మాస్కు లోపల పెప్పర్‌మింట్ నూనె రెండు చుక్కలు రాసుకుంటారు. వాసన తగలకుండానట. ఆ సీసా కోసం సొరుగులో ఒక మూల కూడా కేటాయించారు, మహానుభావులు.

కారిడార్ చివరి గదిలో లొరెట్టా కివెలా ఉంది. మా ఊళ్ళో సగంమంది పిల్లలు ఆవిడ స్కూలు బస్సెక్కి పెరిగినవాళ్ళే. ఎంత మంచు కురిసినా బస్సు ఆపేది కాదు. ఎడమకాలు వాచి, చీము పట్టి మా దగ్గరికి వచ్చింది. కాలు ఎరుపు తగ్గుతోంది గాని జ్వరం దిగడం లేదు. "రేపటికి దిగకపోతే కాలు మోకాలి పైదాకా తీసేయాల్సిందే" అని సర్జన్ గుమ్మంలో నిలబడి చెప్పేసి వెళ్ళిపోయాడట. ఆవిడా సరేనందట. లోపలికొచ్చి ఒకసారి చూస్తే ఆయన సొమ్మేం పోయిందో!

నేను సెలవు ముగించుకుని ఆ రోజే డ్యూటీలో చేరాను. పొద్దుటి షిఫ్టు నర్సు ట్రిష్, పేషెంట్లను నాకు అప్పజెబుతూ లొరెట్టా దగ్గరికి వచ్చేసరికి మూతి విరిచింది.

"స్నానం వద్దంది. పక్కకి తిప్పుతామంటే వద్దంది. మొండి ఘటం."

"నిన్న?"

"నిన్నా అంతేనట. అయినా ఆవిణ్ణి తిప్పాలంటే నలుగురు కావాలి గ్లెండా. నా నడుమేమైనా ఇనప నడుమా?"

"పట్టీలేసి పైకెత్తే యంత్రం ఉంది కదే?"

"దానిమీద మన కోట్లు తగిలించుకున్నాంగా!" అని పకపకా నవ్వింది. నాకు ఒళ్ళు మండిపోయింది.

గదిలోకి వెళ్ళాను. అబద్ధమెందుకు, వాసన ఉంది. గుప్పున కొట్టింది. లొరెట్టా నా మొహం చూసి తనే తల పక్కకి తిప్పుకుంది.

"తలుపు తీసే ఉంచమ్మా. నీకు కాస్త తేలిగ్గా ఉంటుంది."

"స్నానం ఎందుకు వద్దంటున్నారు లొరెట్టా గారూ?"

"నేనెందుకు వద్దంటాను తల్లీ?" అంది ఆవిడ. "'ఇవాళ స్నానం వద్దు కదా?' అని అడుగుతారు. గుమ్మంలోంచి, చేతులు కట్టుకుని. అలా అడిగితే కావాలని ఎలా అంటాను? బస్సునిండా అల్లరి మూకని ఒక్క కేకతో కూర్చోబెట్టిన నోరే ఇది. ఇక్కడికొచ్చాక పెగలడం లేదు."

ఛీ! ఇన్ని రోజులూ ప్రతి షిఫ్టూ అదే ప్రశ్న అలాగే అడిగి, జవాబు తనే లాక్కుని, మొండితనం మాత్రం ఆవిడ నెత్తిన రుద్దింది. వాసన కంటే ఇది ఎక్కువ కంపుగా అనిపించింది నాకు.

స్టోరు గదికెళ్ళి యంత్రం మీద కోట్లన్నీ లాగి నేలమీద పడేశాను. వార్డు ఇన్‌చార్జి బెవర్లీ పరిగెత్తుకొచ్చింది.

"భోజనాలొచ్చే వేళ ఇదేం గోల? రేపెలాగూ ఆపరేషన్ ఉందిగా, మత్తులో ఉన్నప్పుడు వాళ్ళే కడుగుతారు."

"కాలు పోయాక కడిగితే ఎవరికి లాభం? నువ్వూ రా. ట్రిష్, ఇంటికి తర్వాత పోదువుగాని, నువ్వూ రా."

ట్రిష్ మాస్కు సర్దుకుంటూ వచ్చింది. లొరెట్టా గాలి పీల్చి చిన్నగా నవ్వింది. "ఈ పెప్పర్‌మింట్ వాసన రాగానే తెలిసిపోతుంది, నా గదికే వస్తున్నారని." ట్రిష్ చెవులదాకా ఎర్రబడింది. పడనీ, ఇన్నాళ్ళకైనా!

వెడల్పాటి పట్టీ కిందనుంచి దూర్చి, ఏం చేస్తున్నామో ఆవిడకి ఒక్కొక్కటీ చెబుతూ మెల్లగా పైకెత్తాం. గోరువెచ్చని నీళ్ళు తగిలేసరికి లొరెట్టా కళ్ళు మూసుకుని "అబ్బా, ప్రాణం లేచొచ్చింది" అంది. పొట్ట మడత రెండు చేతులతో ఎత్తి పట్టుకోమని ట్రిష్‌కి చెప్పి, కిందికి చూశాను.

చర్మం ఒరిసిపోయి పచ్చిగా ఉంది. తొడ మొదట్లో నిమ్మకాయంత గడ్డ, నల్లగా కమిలి, చీము కారుతోంది. జ్వరం ఎక్కణ్ణుంచి వస్తోందో వెతకడానికి రక్తాలు తీశారు, స్కానింగులు తీశారు. ఈ మడత ఎత్తి చూసినవాడు మాత్రం ఒక్కడూ లేడు. తడిగుడ్డతో తుడుస్తుంటే నా వేలికి గట్టిగా ఏదో తగిలింది. చర్మంలో దిగబడి ఉంది. బయటికి తీశాను. సూది మూత. రక్తం గడ్డకట్టకుండా మేం రోజూ ఆవిడ పొట్టకి పొడిచే సూది, దాని మూత.

బెవర్లీ నా చెవిలో గొణిగింది. "ఏదో చెత్త ముక్క దొరికిందని చెబుదాం. ఎందుకొచ్చిన రభస?"

సర్జన్‌కి ఫోన్ చేశాను. ఈసారి లోపలికి వచ్చాడు, రాక చస్తాడా! గడ్డ కోసి చీమంతా తీశాడు. మర్నాటికి జ్వరం దిగింది. కాలు తీసే మాట మరి ఎవరూ ఎత్తలేదు.

ఆ మధ్యాహ్నం కట్టు మారుస్తుంటే లొరెట్టా సిగ్గుపడుతూ అడిగింది. "అక్కడేదో దొరికిందటగా? బెవర్లీ చెత్త అంది. తింటూ ఏమైనా పడేసుకున్నానా?"

"తిండి కాదు లొరెట్టా గారూ. మా సూది మూత. పొడిచేటప్పుడు మాలో ఎవరో జారవిడిచారు. ఆ తర్వాత మేమెవరమూ చూడలేదు. తప్పు మాది. ఇదే మాట పైవాళ్ళకీ చెప్పాను."

ఆవిడ దుప్పటి పొట్ట మీదికి లాక్కుంది.

"గుచ్చుకుంటోందని చెప్పాను ఒకమ్మాయికి. ఇంత కండలో నీకేం తెలుస్తుందిలే అని నవ్వింది. నిజమే కాబోలు, నా ఒళ్ళే కుళ్ళిపోతోంది కాబోలు అనుకున్నాను."

"మరి కాలు తీస్తామంటే ఎందుకు ఒప్పుకున్నారు? ఇంకొకసారి చూడమని గట్టిగా అడగాల్సింది కదా!"

లొరెట్టా నా వైపు చూసింది.

"కాలు పోతే, నన్ను తిప్పేటప్పుడు మీకు కాస్త బరువు తగ్గుతుందనుకున్నాను తల్లీ."