పెరగడం కాసేపు ఆపండి

దగ్గరికి జరగండర్రా, అంత దూరాన కూర్చుంటే సగం మాటలు గోడే వినేస్తుంది. ఇది టైలరమ్మ కథ.

ఆ టైలరమ్మకి కరెంటుతో తిరిగే కుట్టుమిషనే ఆధారం. బడి తెరిచేలోగా పిల్లల యూనిఫారాలు కుట్టి ఇవ్వకపోతే, వచ్చే ఏడు ఆ పని ఇంకెవరికో పోతుంది. సరిగ్గా అప్పుడే కరెంటాఫీసు సారు వీధిలోకొచ్చి చల్లగా ఓ మాట చెప్పి వెళ్లాడు. కరెంటు వాడకం పెరిగితేనే దేశం పెరిగినట్టట. వాడకం పెరగని వీధిలో ట్రాన్స్‌ఫార్మరు ఊడదీసి, పెరిగే వీధికి ఇచ్చేస్తారట.

ఇక చూడాలి ఆ వీధి హడావిడి. ఇస్త్రీ బాబాయి ఇస్త్రీ చేసిన బట్టలకే మళ్లీ ఇస్త్రీ చేశాడు. పిండిమర ఆయన గింజ వెయ్యకుండా మర తిప్పాడు. ఎదురింటి వదిన హీటరు పెట్టుకుని, ఉక్కపోస్తోందని పక్కనే ఫ్యాను పెట్టుకుని, రెండింటి మధ్యా కూర్చుని తుమ్మింది. మీటర్లు గిర్రున తిరిగాయి. టైలరమ్మ మిషను మాత్రం ఓల్టేజీ చాలక మూలిగి మూలిగి ఆగిపోయింది. సగం కుట్టిన చొక్కా సూది కిందే ఉండిపోయింది. వెళ్లి బతిమాలితే, “దేశం పెరుగుతుంటే నీ చొక్కాల గొడవేంటక్కా?” అన్నాడు పిండిమర ఆయన.

లెక్క చూడ్డానికి సారు మళ్లీ వచ్చాడు. మీటర్లు తిరిగే వేగానికి ఆయన మొహం చాటంత అయింది. టైలరమ్మ మీటరొక్కటే కదలడం లేదు. ఇదేమిటని వంగాడో లేదో, ప్యాంటు వెనక కుట్టు పర్రుమంది.

టైలరమ్మ యూనిఫారాల గుడ్డ ఒకటి ఆయన నడుముకి చుట్టబెట్టి కూర్చోబెట్టింది. పెద్దాఫీసులో మీటింగుందమ్మా, చేత్తోనైనా రెండు కుట్లు వెయ్యమని సారు ప్రాధేయపడ్డాడు.

“చేతి కుట్టు మళ్లీ వంగేదాకానే సారూ. మిషను మీద వెయ్యాలంటే ఓల్టేజీ లేదు, దేశం పెరుగుతోందిగా.”

సారు ఆ గుడ్డతోనే వీధిలో పడ్డాడు. గడప గడపా ఎక్కి, “బాబ్బాబూ, పెరగడం కాసేపు ఆపండి” అని బతిమాలాడు. మర ఆగింది, హీటరు ఆగింది. మిషను టకటకలాడింది. సారు ప్యాంటు కోసం చెయ్యి చాపాడు.

“వరసలో ఉంది సారూ. ముందు పిల్లలవి.”

ఇంకేం చేస్తాడు, స్టూలు మీద కూర్చున్నాడు. ఎవరైనా స్విచ్చి వేస్తే తనే పరిగెత్తుకెళ్లి ఆపించాడు. మీటింగు ఎటో పోయింది. పొద్దుగూకే వేళకి యూనిఫారాలన్నీ మడతలయ్యాక, ప్యాంటు కూడా కుట్టి చేతిలోనే పట్టుకుంది టైలరమ్మ.

“మరి ట్రాన్స్‌ఫార్మరు సంగతేంటి సారూ?”

“ఎక్కడికీ పోదమ్మా తల్లీ. ముందు ప్యాంటియ్యి.”

అది ఇప్పటికీ ఆ వీధిలోనే ఉంది. ఇది గుర్తుపెట్టుకోండర్రా, రేపు మీ పిల్లలకి చెప్పండి. సారు చుట్టుకున్నది నీలం గళ్ల గుడ్డ, ఆ ముక్క మాత్రం వదిలెయ్యకండి.