వంటింటి బల్ల మీద కారు కప్పు

రోజూ పొద్దున ఆరింటికి గున్‌వోర్ తన పాత కారెక్కి, ఒక చేత్తో స్టీరింగు, ఇంకో చేత్తో కారు కప్పు పట్టుకుని బయల్దేరేది. లోపలి కప్పుకి అతికించిన గుడ్డ ఊడిపోయి, ఆవు పొదుగులా కిందికి జారింది. గేరు మార్చేటప్పుడు దాన్ని నెత్తిమీదే మోసేది. ముసలివాళ్ళ ఇళ్ళకి వెళ్ళి స్నానాలు చేయించి, మందులిచ్చి, కాఫీ పెట్టే ఉద్యోగం ఆమెది. ఉత్తర స్వీడన్ అడవుల్లో, మా ఊరు గ్రాన్‌సెలె చుట్టూ, ముసలివాళ్ళకి కొదవ లేదు.

గుడ్డ ఎందుకు జారిందో అందరికీ తెలుసు. మా వైపు ఇంట్లో నిట్టూర్చడం మర్యాద కాదు. నిట్టూర్పు వస్తే వెళ్ళి కారులో కూర్చుంటాం. అవన్నీ కప్పు గుడ్డ వెనకున్న స్పంజిలోకి ఇంకుతాయి. ఇరవయ్యేళ్ళకి బరువెక్కి జారుతుంది. పాస్టరుగారి కారుకి ఆరేళ్ళకే జారింది. దాని గురించి నేనేమీ అనను.

గున్‌వోర్ తమ్ముడు సిక్స్‌టెన్ మాత్రం ఆ బరువంతా తనదేనని చెప్పుకునేవాడు. రంపపు మిల్లులో నడుం పట్టేసి, ఒక నెల ఉండి పోతానని తొమ్మిదేళ్ళ కిందట అక్క దగ్గరికి వచ్చాడు. ఆ నెల ఇంకా పూర్తి కాలేదు. ఆదివారాలు కారులో కూర్చుని రేడియోలో హాకీ వినేవాడు. "నా నడుమే అక్కా, ఆ కప్పుని దించేసింది" అనేవాడు, అక్క కలిపిన కాఫీ తాగుతూ.

ఆ మార్చిలో గున్‌వోర్ చిన్ననాటి స్నేహితురాలు మాయ్-లిస్ సముద్రం ఒడ్డునున్న పట్నం నుంచి ఫోన్ చేసింది. తన ఇంట్లో ఒక గది ఖాళీ అయిందని, అక్కడ పనంతా ఒకే భవనంలోనని, కారెక్కే అవసరమే ఉండదని చెప్పింది. శుక్రవారంలోగా ఏదో ఒకటి చెప్పకపోతే గది వాళ్ళ పిన్ని కూతురికి ఇచ్చేస్తానంది. గున్‌వోర్ ఔననలేదు, కాదనలేదు. తమ్ముడి వైపు చూసి, బంగాళాదుంపల తొక్క తీసింది.

సిక్స్‌టెన్‌కి ఒక ఉపాయం తోచింది. కారు బాగుపడితే అక్కకి పట్నంతో పనేముంది?

సోమవారం గున్‌వోర్ పక్కింటి ఆల్ఫిల్డ్ కారు తీసుకుని పనికి వెళ్ళింది. సిక్స్‌టెన్ లోపలి దీపం, పట్టుకునే పిడులు విప్పి, ఆల్ఫిల్డ్ సాయంతో గుడ్డా స్పంజీ అంటించి ఉన్న కప్పు అట్టని వెనక తలుపులోంచి బయటికి లాగాడు. పదిహేను డిగ్రీల వెచ్చదనం లేనిదే పట్టదని జిగురు డబ్బా మీద రాసుంది. గ్యారేజీలో నీళ్ళు గడ్డకట్టే చలి. మా వాళ్ళెవరైనా చేసే పనే అతనూ చేశాడు. అట్టని వంటింట్లోకి మోసుకొచ్చి బల్ల మీద పెట్టాడు.

"నిట్టూర్పులతో సహానా?" అంది ఆల్ఫిల్డ్.

"నావేగా. నా వంటింట్లో నేను భరిస్తాలే."

"నీ వంటింట్లోనా?"

గుడ్డ ఒలిచి, బ్రష్షుతో రుద్దడం మొదలుపెట్టాడు. స్పంజి గోధుమరంగు పొడిగా రాలింది. నిట్టూర్పులు ఒక్కొక్కటే లేచి కిటికీ అద్దాలకి ఆవిరి పట్టించాయి. దేని వాసన దానిదే: తడిసిన ఉన్ని, మంచాన పడ్డవాళ్ళ సబ్బు, మాడిన కాఫీ.

"ఇది మీ అక్క చూసుకున్న హిల్డింగ్ తాత పోయిన రోజుది" అంది ఆల్ఫిల్డ్.

సిక్స్‌టెన్ తన వాటికోసం ఎదురుచూశాడు. పక్కసీటుకి పైన ఉండే చోట ఒకటి దొరికింది. హాకీ ఓడిపోయిన ఆదివారానిది, ఒక్క ఎక్కిలంత ఉంది.

"ఇదేనా నీ నడుం?"

డ్రైవరు సీటుకి పైన ఉండే చోట స్పంజి బెత్తెడు మందాన గట్టిపడి ఉంది. పొర మీద పొర, అన్నీ ఒకటే: అప్పుడే ఆపిన ఇంజను, గేటు దగ్గర మంచు, వంటింటి కిటికీలోంచి వినిపించే అతని రేడియో. సాయంత్రానికొకటి, తొమ్మిదేళ్ళవి. ఆల్ఫిల్డ్ ఇంటికి వెళ్ళిపోయింది. ఏ కబురైనా గంటలో ఊరంతా చేర్చే మనిషి; ఊరికి ఈ సంగతి తెలియడానికి మూడు రోజులు పట్టిందంటే ఆవిడ పరిస్థితి ఊహించుకోవచ్చు.

నాలుగింటికి గున్‌వోర్ వచ్చి, కోటు విప్పకుండానే బల్ల దగ్గర కూలబడింది. అప్పటికే సిక్స్‌టెన్ కొత్త గుడ్డకి జిగురు కొట్టి, మధ్య నుంచి అంచులకి అరచేత్తో అదుముతున్నాడు.

"ఇంట్లో విప్పావట్రా?"

"గ్యారేజీలో జిగురు పట్టదు." కాసేపు అదిమాడు. "రోజూనా, అక్కా?"

"సెలవు రోజుల్లో లేదు."

"నా వల్లేగా?"

"లోపలికొచ్చే ముందు ఒక్కటి. తర్వాత బాగానే ఉండేది."

సిక్స్‌టెన్ తల ఎత్తలేదు. "మాయ్-లిస్‌కి ఫోన్ చేశాను."

"ఏమని?"

"నీ మంచం కిటికీ వైపు వెయ్యమని."

"మరి నువ్వు?"

"బంగాళాదుంపలు ఎంతసేపు ఉడకాలో చెప్పి వెళ్ళు."

గున్‌వోర్ గుడ్డ వైపు చూసింది. ఒక మూల బుడగలా లేచి ఉంది. ఆమె లేచి, కోటు విప్పి కుర్చీ మీద వేసింది.

"అంచు దాకా లాగాలిరా" అంది. ఇద్దరూ బల్లకి చెరోవైపు నిలబడి లాగారు.