ఆనించిన చెయ్యి

లేత్ మెషీను మళ్లీ కీచుమంది. ఆయన ఎడమ అరచేతిని బార్ మీద ఆనించాడు. కీచు ఆగింది.

ఇనుప సిలిండర్ లోపలి గోడను నున్నగా కోయడం ఆయన పని. కొసన కోత టూల్ బిగించిన పొడవాటి ఇనుప బార్ సిలిండర్ లోపలికంటా వెళ్లాలి. అంత పొడవున్నది ఊరికే ఉంటుందా, వణుకుతుంది. వణికిందంటే గోడ నిండా అలలు పడి సరుకు పనికిరాకుండా పోతుంది. స్పీడు తగ్గించినా, టూల్ మార్చినా లొంగని ఆ వణుకు ఆయన చెయ్యి పడితే మాత్రం బుద్ధిగా ఊరుకునేది. "అభయహస్తం పడింది, ఇక ఢోకా లేదు" అని వర్క్‌షాపులో అందరూ ఆటపట్టించేవారు.

మరి బార్‌లోని వణుకు ఎక్కడికి పోతుంది? ఏళ్ల తరబడి ఆయన చేతిలోకే పోయింది. వేళ్లు తెల్లబడ్డాయి, స్పర్శ తగ్గింది. చలి రోజుల్లో కొయ్యముక్కల్లా ఉండేవి. ఒక్కనాడైనా పట్టించుకుంటేనా! మొండిఘటం.

కానీ ఈ పొద్దున ఇంట్లో కోడలు మనవరాలి గౌను గుండీ పెట్టలేక తంటాలు పడుతుంటే చూశాడు. కొంతకాలంగా కోడలూ ఇదే లేత్ మీద పనిచేస్తోంది, ఇదే బార్ మీద చెయ్యి ఆనిస్తోంది. నేర్పింది ఆయనే.

"తిమ్మిరెక్కుతోందా అమ్మాయ్?"

"అబ్బే, ఏం లేదు మామయ్యా."

ఆ మాట ఆయన నమ్మలేదు. తన చెయ్యి పోతే పోయింది. ఈ పిల్ల చెయ్యి పోకూడదు.

అందుకే చేతిలో ఉన్న సిలిండర్ ముగించగానే పాత బార్ ఒకటి తీసి, ముందు భాగాన్ని లోపల తొలిచాడు. బరువెక్కితే కదలదు కదా అని సీసం కరిగించి నిండా పోశాడు. మూత బిగించి, లేత్‌కి పెట్టి, చెయ్యి ఆనించకుండా నడిపాడు. అమ్మో, ఏం కీచు! పక్క మెషీన్ల వాళ్లు చెవులు మూసుకున్నారు.

"బరువు చాల్లేదు" అన్నాడు విసుగ్గా.

పక్కనే నిలబడ్డ కోడలు బార్‌ను కాదు, ఆయన చేతిని చూస్తోంది. "మామయ్యా, మీరు బార్‌ని ఎప్పుడూ గట్టిగా పట్టుకోరు. ఊరికే ఆనిస్తారంతే. అది కదిలితే మీ చెయ్యీ కాస్త కదులుతుంది. ఈ సీసం చూడండి, బిర్రబిగుసుకుని కూర్చుంది."

బతుకంతా "బిగించు, ఇంకా బిగించు" అన్న మనిషికి వదులు చెయ్యమని చెబుతోంది! "నీ మొహం" అన్నాడు. అంటూనే సీసాన్ని కరిగించి బయటికి తీశాడు. విడిగా కడ్డీలా పోసి, రంధ్రం కన్నా వెంట్రుకవాసి సన్నగా చెక్కి, కాస్త నూనె వేసి లోపలికి జారవిడిచాడు. మూత పెట్టి ఊపితే కడ్డీ లోపల కదిలి టక్కుటక్కుమంది.

"ఇదేంటయ్యా, గిలక్కాయా?" అని షాపు ఓనరు పకపకా నవ్వాడు.

లేత్ తిరిగింది. బార్ లోపలికి వెళ్లింది. అలవాటుకొద్దీ ఆయన చెయ్యి లేచింది. కోడలు చటుక్కున పట్టుకుని ఆపింది. బార్ వణుకును లోపల వదులుగా ఆడే సీసమే మింగేసింది. ఇనుప తురుము రాలుతున్న చప్పుడు తప్ప ఇంకేమీ వినిపించలేదు. సిలిండర్ తీసి లోపలికి టార్చి వేసి చూస్తే ఎక్కడా ఒక్క అల లేదు. ఓనరు కూడా చూసి, ఈసారి నవ్వలేదు.

"ఇక దర్జాగా చేతులు కట్టుకుని నిలబడు" అన్నాడాయన కోడలితో. కళ్లలో నీళ్లు తిరిగాయి. దాచుకోలేదు. ఎంత సంతోషమో ఆ మనిషికి!

సాయంత్రం ఇంటికి రాగానే భార్యతో "నీ కోడలు నన్ను మించిపోయిందే" అన్నాడు. కాసేపు నడుం వాలుస్తానన్నాడు. భోజనానికి లేపితే లేవలేదు.

దుఃఖం కాస్త సర్దుకున్నాక కోడలు షాపుకి వెళ్లింది. కొత్త సిలిండర్ బిగించి లేత్ ఆన్ చేసింది. ఏడుపు ఆగక రెండు చేతులతోనూ కళ్లు తుడుచుకుంది. బార్ మాత్రం వణక్కుండా, ఎవరి చెయ్యీ అక్కర్లేకుండా, నెమ్మదిగా సిలిండర్ లోపలికి వెళుతూనే ఉంది.